గుంటలో కలిసే ముందే పరీక్ష

నెల్లూరు తీరంలో మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా వెళ్లేవారికి రొయ్యల గుంటలు కొత్త కాదు. వాటి మీద ఆధారపడి బతికే ఇళ్లలో మన కుటుంబాలూ ఉన్నాయి. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి ఈ తీరాన్ని కుదిపివేసిన సంగతి పెద్దలకు ఇప్పటికీ జ్ఞాపకమే. కంటికి కనిపించని వైరస్ నీటితో పాటు గుంట నుంచి గుంటకు పాకి, నెలల కష్టాన్ని కొద్ది రోజుల్లోనే తుడిచిపెట్టింది. ఆ దెబ్బతో రైతులు ఒక పాఠం నేర్చుకున్నారు. హ్యాచరీ నుంచి వచ్చిన పిల్ల ఎంత చురుగ్గా కనిపించినా, జాగ్రత్తగల రైతు దానిని నేరుగా గుంటలో వదలడు. ముందు పి.సి.ఆర్. పరీక్ష చేయిస్తాడు. వనామి రొయ్య మన దేశానికి వచ్చినప్పుడు ప్రభుత్వం కూడా ఇదే నియమం పెట్టింది. విదేశాల నుంచి దిగుమతి అయ్యే తల్లి రొయ్యలు చెన్నైలోని నీలాంకరై క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు దాటిన తర్వాతనే హ్యాచరీలకు చేరాలి.

ఇంత జాగ్రత్త ఎరిగిన తీరంలోనే మరో రకం వైరస్ ఏ పరీక్షా లేకుండా ఇళ్లలోకి ప్రవేశిస్తోంది. అది నీటిలో రాదు, ఫోనులో వస్తుంది.

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ఉదయం వలీమా ఆహ్వానం పేరుతో ఒక ఫైలు వచ్చింది. పంపినది మేమంతా గౌరవించే ఒక పెద్దావిడ నంబరు. మేము సంతోషంతో ఫోన్ చేసి, “ఖాలా, ముబారక్! అబ్బాయి నిఖా ఎప్పుడు కుదిరింది?” అని అడిగాము. “నిఖా ఏమిటి బేటా? నేనేమీ పంపలేదే!” అని ఆవిడ నిర్ఘాంతపోయారు. అంతకు ముందు రోజు అటువంటి ఫైలునే ఆవిడ తెరిచారట. అప్పటినుంచి ఆవిడ ఫోను ఆవిడకు తెలియకుండానే అందరికీ ఆహ్వానాలు పంపుతోంది. మేము గ్రూపులో హెచ్చరిక పెట్టేలోగా మరో ఇద్దరు దానిని తెరిచారు. వారిలో ఒకరి ఖాతా నుంచి ఆ సాయంత్రానికే సొమ్ము పోయింది. అది కూతురి పెళ్లి కోసం ఇంటి యజమాని కువైట్‌లో కష్టపడి పంపిన సొమ్ము.

ఆ ఇంటివారు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే. “ఇన్ని కోట్ల మంది వాడే యాప్ కదా! చెడ్డ ఫైలు వస్తే మధ్యలోనే ఎవరూ ఆపరా?” ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

ఇంటర్నెట్ ఇళ్లకు చేరకముందు కంప్యూటర్ ప్రియులు ‘బులెటిన్ బోర్డు’లను వాడేవారు. అటువంటి మొదటి బోర్డును 1978లో అమెరికాలోని షికాగోలో వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ అనే ఇద్దరు మిత్రులు నెలకొల్పారు. టెలిఫోను తీగ ద్వారా ఒకరి కంప్యూటర్‌కు మరొకరు కలిసి, సందేశాలు రాసుకునేవారు. తర్వాత ఫైళ్లు పెట్టడం, తీసుకోవడం కూడా అలవాటయింది. ఎవరో పెట్టిన ఫైలును వందలాది మంది తీసుకుపోయేవారు. అందులో ఒక్కటి చెడ్డదైతే చాలు, అంతమందికీ అంటుకుంటుంది.

ఆ భయం ఊహ కాదని త్వరలోనే తేలింది. 1986లో లాహోర్‌కు చెందిన ఇద్దరు సోదరులు రాసిన ‘బ్రెయిన్’ అనే వైరస్ ఫ్లాపీల ద్వారా దేశదేశాలకు పాకింది. తమ సాఫ్ట్‌వేర్‌ను దొంగచాటుగా నకలు చేసేవారిని పట్టుకోవడమే తమ ఉద్దేశమని వారు చెప్పారు. అందులో తమ చిరునామా, ఫోను నంబరు కూడా రాసి ఉంచారు. ఉద్దేశం ఏదైనా, చేయి దాటినది తిరిగి చేతికి రాలేదు.

అప్పుడు బోర్డు నిర్వాహకులు గుమ్మం దగ్గరే కాపలా పెట్టారు. పద్ధతి ఇలా ఉండేది. ఎవరైనా ఫైలు పంపితే అది నేరుగా అందరికీ కనిపించదు. ముందు ఒక ప్రత్యేకమైన గదిలోకి చేరుతుంది. అది మూటకట్టిన ఫైలైతే కంప్యూటరే మూట విప్పి, లోపలి ఒక్కొక్క ఫైలును వైరస్‌లను గుర్తించే ప్రోగ్రాముకు చూపుతుంది. తెలిసిన వైరస్‌ల ఆనవాళ్ల జాబితాతో ఆ ప్రోగ్రాము సరిచూస్తుంది. మచ్చ లేకపోతే ఫైలు అందరి అరలోకి వెళుతుంది. మచ్చ కనిపిస్తే పక్కన పెడుతుంది, లేదా చెరిపివేస్తుంది. నిర్వాహకుడు నిద్రలో ఉన్నా ఈ పని దానంతట అదే జరిగిపోయేది. నీలాంకరైలో తల్లి రొయ్యకు జరిగేదీ, ఇక్కడ ఫైలుకు జరిగేదీ ఒకే న్యాయం: కలిసిన తర్వాత వేరు చేయలేము, కనుక కలిసే ముందే పరీక్షించాలి.

నేటికీ ఈమెయిల్‌లో ఈ కాపలా ఉంది. జీమెయిల్ ప్రతి జోడింపునూ పరీక్షిస్తుంది. ఆండ్రాయిడ్ యాప్‌ను ఫోనులో దించే ‘ఎ.పి.కె.’ రకం ఫైళ్లను అసలు పంపనివ్వదు. కానీ వాట్సాప్ సంగతి వేరు. 2016 నుంచి అందులోని సందేశాలన్నీ పంపినవారి ఫోనులో తాళం పడి, అందుకున్నవారి ఫోనులోనే తెరుచుకుంటాయి. మధ్యలో ఆ సంస్థ కూడా లోపలికి చూడలేదు. మన ఇంటి మాటలు పరాయివారి కంటబడకుండా కాపాడే ఈ తాళం మేలైనదే. అయితే మూసిన పెట్టెను మధ్యదారిలో విప్పి పరీక్షించేవారు ఉండరు. ఒకప్పుడు బోర్డు గుమ్మంలో ఉండిన కాపలా ఇప్పుడు మన బొటనవేలి కిందికి వచ్చింది. ఆ ఇంటివారి ప్రశ్నకు జవాబు ఇదే.

మరి ఫోనులో కాపలా ఏదీ లేదా? ఉంది. ఆండ్రాయిడ్‌లోని ‘ప్లే ప్రొటెక్ట్’ కొత్త యాప్‌లను పరీక్షిస్తుంది. దానిని ఎన్నడూ ఆపివేయకూడదు. అయినా ఏ పరీక్షా సంపూర్ణం కాదు. నిన్న పుట్టిన వైరస్ ఆనవాలు నేటి జాబితాలో ఉండకపోవచ్చు. పాస్‌వర్డుతో బిగించిన మూటను ప్రోగ్రాము విప్పలేదు. అందుకే మోసగాళ్లు ఫైలును బిగించి, పాస్‌వర్డును పక్కనే రాసి పంపుతుంటారు.

కనుక ప్రతి ఇంటిలోనూ కొన్ని సంగతులు తెలియాలి. పెళ్లి పిలుపు, సెహరీ ఇఫ్తార్ వేళల పట్టిక, హజ్ జాబితా, ట్రాఫిక్ చలానా - ఇవేవీ యాప్ రూపంలో రానక్కరలేదు. అవి బొమ్మగానో, పి.డి.ఎఫ్.గానో వస్తాయి. ఫైలు పేరు చివర ‘ఎ.పి.కె.’ అని ఉంటే, పంపినది కన్నతల్లి నంబరే అయినా తెరవకూడదు. ముందు ఫోన్ చేసి అడగాలి. ‘తెలియని చోటి నుంచి యాప్ దించడానికి అనుమతిస్తారా?’ అని ఫోను అడిగితే, అదే చివరి గుమ్మమని గుర్తించాలి. పిలుపు పత్రానికి మన ఎస్.ఎం.ఎస్.లు చదివే అనుమతి ఎందుకు? బ్యాంకు పంపే ఓ.టి.పి.ని దొంగిలించడానికే.

సందేహం ఉన్న ఫైలును ‘వైరస్ టోటల్’ అనే ఉచిత సేవకు చూపవచ్చు. 2004లో స్పెయిన్‌లో మొదలై, 2012లో గూగుల్ చేతికి వచ్చిన ఈ సేవ ఒకే ఫైలును పదుల కొద్దీ పరీక్షా ప్రోగ్రాములకు చూపుతుంది. కానీ అక్కడ ఉంచిన ఫైళ్లు ఇతర పరిశోధకులకు కూడా అందుతాయి. ఆధార్, పాస్‌పోర్టు, నికానామా వంటి సొంత పత్రాలను అక్కడ పెట్టరాదు.

మన మస్జిద్ కమిటీలకు, మదర్సాలకు, పాఠశాలలకు కూడా ఒక మాట. ప్రవేశాలకో, ఉపకార వేతనాలకో వెబ్‌సైటు ద్వారా దరఖాస్తులు తీసుకునేవారు పాత బోర్డు నిర్వాహకుల పద్ధతినే పాటించాలి. బొమ్మలు, పి.డి.ఎఫ్.లు తప్ప మరేమీ తీసుకోకూడదు. వచ్చినవాటిని వేరుగా ఉంచి, పరీక్ష దాటాకే గుమాస్తా తెరవాలి. ‘క్లామ్ ఎ.వి.’ అనే ప్రోగ్రాము ఈ పనిని ఉచితంగా చేస్తుంది. కాపలా మెలకువగా ఉందో లేదో తెలుసుకోవడానికి ‘ఐకార్’ అనే పరీక్షా ఫైలు ఉంది. అందులో ఉన్నవి 68 అక్షరాలే. దానివల్ల హాని లేదు, కానీ కాపలా దానిని పట్టుకొని తీరాలి. పట్టుకోకపోతే కాపలా నిద్రపోతున్నట్లే.

ఇంత జాగ్రత్తపడినా పొరపాటు జరిగితే సిగ్గుపడి దాచకూడదు. వెంటనే నెట్ ఆపి, బ్యాంకుకు తెలిపి, 1930 నంబరుకు ఫోన్ చేయాలి. మా బంధువులు ఆలస్యం చేయకపోవడం వల్ల పోయిన సొమ్ములో కొంత మధ్యలోనే నిలిచిపోయి తిరిగి దక్కింది. మిగిలినది దక్కలేదు. ఆ నిఖా ఇప్పుడు వచ్చే ఏడాదికి వాయిదా పడింది.

విన్న వార్తను వెంటనే నమ్మక, నిజానిజాలు విచారించుకోవాలన్న హుజురాత్ సూరా బోధ మనకు కొత్తది కాదు. చేతికి వచ్చిన ఫైలు కూడా ఒక వార్తే. దానిని ముందుకు పంపిన ప్రతివారూ దాని మంచికీ చెడుకూ కొంత బాధ్యులే. తన గుంటలోని తెగులు నీటిని పొరుగువాని కాలువలోకి వదలని రైతును ఈ తీరంలో మంచివాడంటారు. ఫోను విషయంలో కూడా అదే మంచితనం మన ఇళ్లలో నిలవాలని అల్లాహ్‌ను వేడుకుందాం.