పెట్టె మీది ఆక్టోపస్‌ది ఏ ఊరు?

1970 ప్రాంతంలో అమెరికాలోని హాస్‌బ్రో కంపెనీ తన జీఐ జో బొమ్మల వరసలో కొత్త సెట్టు ఒకటి తెచ్చింది. పేరు ‘ఎయిట్ రోప్స్ ఆఫ్ డేంజర్’. తెలుగులో చెప్పుకుంటే ఎనిమిది తాళ్ల గండం. పెట్టెలో డైవర్ సామగ్రి, నిధిపెట్టె, వాటితో పాటు ఒక ఆక్టోపస్. ఆ తాళ్లేమిటో పిల్లలకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

పాత డైవర్ బొమ్మల పెట్టెలు పోగేసేవాళ్లకు ఈ దృశ్యం కొట్టినపిండి. నీలినీళ్లు, అడుగున ఒరిగిన ఓడ, మూత తెరుచుకున్న నిధి, డైవర్ నడుముకు చుట్టుకుంటున్న ఆక్టోపస్ చెయ్యి. అసలు డైవర్ల బతుకు అలా ఉండదు. ఓడ అడుగున పట్టిన నాచూ గుల్లలూ గీకడం, రేవులో గోడలకు మరమ్మతులు చేయడం, బురదలో తడుముకుంటూ పనిచేయడం. ఆ బొమ్మ వేస్తే పెట్టె ఎవరు కొంటారు?

ఈ బొమ్మలు వేసినవాళ్లలో చాలామంది సంతకం చేసే అలవాటున్నవాళ్లు కాదు. అందుకని బొమ్మ పుట్టుక తెలియాలంటే బొమ్మనే అడగాలి. మొదట అడగాల్సింది బోల్టుల్ని. 1916లో అమెరికా నౌకాదళం ఖాయం చేసుకున్న మార్క్ ఫైవ్ హెల్మెట్టుకు ఛాతీపలక చుట్టూ 12 బోల్టులు. ఐరోపాలో వాడిన మరో రకానికి మూడే. చిత్రకారుడి ముందు ఎవరి ఫొటో ఉందో అక్కడే సగం బయటపడుతుంది. తర్వాత గాలి గొట్టం. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాఁ అనే ఇద్దరు తయారుచేసిన, గాలి సీసాను వీపున మోసుకెళ్లే ఆక్వాలంగ్‌కు రెండు గొట్టాలు ఉంటాయి, ఒక్కో భుజం మీదుగా ఒక్కొక్కటి. డైవర్ నోటి దగ్గర ఒకే గొట్టం కనిపిస్తే ఆ బొమ్మ అంతకంటే తర్వాతి కాలానిది అనుకోవచ్చు.

అన్నిటికన్నా ముచ్చటైన ఆనవాలు ఇంకొకటుంది. బరువైన లోహపు హెల్మెట్టు పెట్టుకున్న డైవర్‌కు పైనున్న పడవ నుంచి గాలి గొట్టం రావాలి. కొన్ని బొమ్మల్లో అది ఉండదు, వీపున గాలి సీసా మాత్రం ఉంటుంది. చిత్రకారుడు మర్చిపోయాడనుకుంటే పొరపాటు. అలాంటి డైవర్ జూల్ వెర్న్ ఇంటి మనిషి. ‘సముద్రం అడుగున ఇరవై వేల లీగులు’ నవలలో కెప్టెన్ నీమో మనుషులు నడిచేది అలాగే. 1860లలో ఫ్రాన్సులో రూకేరోల్, దెనేరూజ్ అనే ఇద్దరు చేసిన పరికరాన్ని వెర్న్ పేరు పెట్టి మరీ కథలోకి తెచ్చుకుని, తన అవసరానికి దానికి మెరుగులు దిద్దాడు. 1954లో డిస్నీ ఆ నవలను సినిమాగా తీసినప్పుడు ఆ వేషం తెర మీదికెక్కింది, అక్కణ్నుంచి బొమ్మల అట్టల మీదికి దిగడానికి దూరమెంత?

డిస్నీ సినిమాలో రాక్షస స్క్విడ్‌తో పోరాటం పేరుపడ్డ ఘట్టం. మొదట ఎర్రటి సాయంసంధ్యలో, ప్రశాంతమైన సముద్రం మీద తీశారు. స్క్విడ్‌ను ఆడించే తీగలు కనిపించిపోవడంతో అంతా పక్కన పెట్టి, రాత్రిపూట తుఫానులో మళ్లీ తీశారు. అయితే నవలలోలాగే ఇక్కడా యుద్ధం జరిగేది నీమో జలాంతర్గామి పైభాగంలో, గాలిలో. పెట్టెల మీద చూస్తే సముద్రం అడుగున. ఆ మార్పు ఎక్కడ జరిగింది?

దానికి జవాబు మరో పుష్కరం వెనక దొరుకుతుంది. 1942లో సెసిల్ బి. డెమిల్ తీసిన ‘రీప్ ద వైల్డ్ విండ్’లో జాన్ వేన్, రే మిలాండ్ డైవర్ దుస్తుల్లో మునిగిన ఓడలోకి దిగి, అక్కడ దాగిన రాక్షస స్క్విడ్ చేతికి చిక్కుతారు. ఆ సినిమాకు స్పెషల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. హెల్మెట్టు, ఓడ, చుట్టుకునే చెయ్యి ఒకే ఫ్రేములో చేరాయి. 1948లో ‘వేక్ ఆఫ్ ద రెడ్ విచ్’లో జాన్ వేన్ మళ్లీ నీళ్లలోకి దిగాడు, ఈసారి ఆక్టోపస్‌తో. ఆ రబ్బరు ఆక్టోపస్‌నే తర్వాత ఎడ్ వుడ్ బృందం స్టూడియో గోదాము నుంచి ఎత్తుకుపోయి తమ చవక సినిమాలో వాడుకుందని హాలీవుడ్‌లో చెప్పుకుంటారు. బొమ్మల పెట్టెల చిత్రకారులకు వెర్న్ కంటే ఈ సినిమాలే దగ్గరి చుట్టాలు.

చేతుల లెక్క మాత్రం వెర్న్ దగ్గరికే తీసుకుపోతుంది. స్క్విడ్‌కు ఎనిమిది చేతులు కాక మరో రెండు పొడవైనవి ఉంటాయి, మొత్తం పది. వెర్న్ తన స్క్విడ్‌కు ఎనిమిదే ఇచ్చాడు. 1871 నాటి సచిత్ర ముద్రణకు నవీల్, రియూ వేసిన బొమ్మలు 111. ఆక్టోపస్సో స్క్విడ్డో తేల్చని ఆ మృగం వాటితోనే జనం కళ్లలో నిలిచింది. అప్పటికే దారి సిద్ధంగా ఉంది. 1866లో విక్టర్ హ్యూగో తన నవలలో కథానాయకుణ్ని గుహలో ఆక్టోపస్‌తో పోరాడించాడు, ఊరుకోకుండా సిరాతో ఆక్టోపస్ బొమ్మ కూడా గీశాడు. అంతకు ఐదేళ్ల ముందు, 1861లో, అలెక్తోఁ అనే ఫ్రెంచి ఓడ టెనెరిఫ్ దగ్గర నిజమైన రాక్షస స్క్విడ్‌ను తాడు వేసి లాగబోయింది. తాడు కోసుకుపోయి తోక ముక్క మాత్రం ఓడలోకి వచ్చింది.

ఇంకా వెనక్కి వెళితే పియెర్ దెనీ ద మోంఫోర్. నత్తలూ గవ్వల శాస్త్రం రాసిన ఈ ఫ్రెంచి పండితుడు 1801లో మొదలుపెట్టిన గ్రంథంలో మూడు తెరచాపల ఓడను ఆక్టోపస్ కావలించుకున్న బొమ్మ వేయించాడు. దానికి మూలం సెయింట్ మాలోలోని ఒక ప్రార్థనాలయంలో, ప్రాణాలతో బయటపడ్డ నావికులు మొక్కు తీర్చుకోవడానికి వేలాడదీసిన చిత్రమని రాశాడు. వెర్న్ నవలలో కోన్సే అనే పనివాడు తాను చూశానని చెప్పేది కూడా సెయింట్ మాలో గుడిలోని బొమ్మనే. పక్కనున్న నెడ్ లాండ్ అతన్ని ఎగతాళి చేస్తాడు. 1782లో ఒక్క రాత్రిలో పది బ్రిటిష్ యుద్ధనౌకల్ని ఆక్టోపస్‌లే ముంచాయని కూడా ప్రకటించి మోంఫోర్ పరువు పోగొట్టుకున్నాడు, పేదరికంలో పారిస్‌లో చనిపోయాడు. బొమ్మ మాత్రం బతికింది.

రాక్షస స్క్విడ్‌ను దాని సొంత ఇంట్లో, ప్రాణంతో ఉండగా తొలిసారి ఫొటో తీసింది 2004 సెప్టెంబరులో, జపాన్‌లోని ఒగసవర దీవుల దగ్గర. కెమెరా ఉన్న లోతు 900 మీటర్లు. ఎర తాడుకు చిక్కుకున్న స్క్విడ్ నాలుగు గంటలకు పైగా పెనుగులాడి తప్పించుకుపోయింది, 5.5 మీటర్ల చెయ్యి తెగి తాడుకు ఉండిపోయింది. ఆ చుట్టుపక్కల డైవర్ ఎవరూ లేడు.