నిర్దోషమైన నాణెము కలదా?

ఒక వస్తువు ఏ వెలితీ లేక నిండుగా ఉన్నదని చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువారు ‘పదహారణాలు’ అంటారు. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చి, అణాలు క్రమముగా మాయమైనవి. మాట మాత్రము నిలిచి ఉన్నది. సంపూర్ణత్వమునకు మనవారు నాణెమునే కొలతగా పెట్టుకొన్నారన్నమాట. మరి ఆ నాణెమే ఏ లోపమూ లేకుండా ఉండగలదా? ఈ ప్రశ్న వినోదమునకు వేసినది కాదు. దీని మీద నేడు వ్యాపారము నడుస్తున్నది. సామాన్య కుటుంబముల డబ్బు చేతులు మారుతున్నది.

ఇటీవల మెట్‌పల్లిలో పరిచయస్థుల ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఇంటి పెద్దామె పెట్టెలోనుండి ఒక చార్మినారు రూపాయి తీసి చూపినది. మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలపు వెండి రూపాయి. చార్మినారు ద్వారములో ‘ఐన్’ అనే అక్షరము ఉన్నది. “చింతపండు పెట్టి తోమిన బిడ్డా, ఎట్ల మెరుస్తుందో సూడు” అన్నది. ఏటేటా దీపావళికి లక్ష్మీపూజలో పెట్టే ముందు అట్లాగే తోముతుందట. ఆమె మనుమడి ఆలోచన వేరు. పాత నాణెములకు నిపుణులు డెబ్బదికి ఇన్ని అని మార్కులు వేస్తారనీ, డెబ్బదికి డెబ్బది వస్తే లక్షలు పలుకుతుందనీ అతడు ఎక్కడో చూచినాడు. కొనేవాడొకడు ఫోనులో దొరికినాడు. ముందుగా నమోదు రుసుము పంపమన్నాడు. చెల్లెలి కాలేజీ ఫీజుకు ఈ రూపాయి అక్కరకు వస్తుందని ఆ కుర్రవాని ఆశ.

ఈ డెబ్బది అంకె ఎక్కడిది? 1949లో విలియం షెల్డన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తమ దేశపు పాత రాగి సెంట్లను గూర్చి వ్రాసిన గ్రంథములో ఒకటి నుండి డెబ్బది వరకు ఒక కొలబద్దను ప్రతిపాదించినాడు. పోల్చుకొనుటకు మాత్రమే వీలైన అరిగిన నాణెము ఒకటి; మచ్చలేనిది డెబ్బది. ఒకటవ తరగతి నాణెమునకు ఒక రూపాయి వెల అయితే డెబ్బదవ తరగతి దానికి డెబ్బది రూపాయలు అన్నది ఆనాటి లెక్క. ఆ లెక్క కొద్దికాలములోనే తప్పినది గాని అంకెలు నిలిచినవి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికా సంస్థలు వెలసి, రుసుము పుచ్చుకొని నాణెమును పరీక్షించి, అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ బిళ్లలో ముద్రవేసి ఇచ్చే పద్ధతిని స్థిరపరచినవి. ఇందులో ఒక విచిత్రము కూడ ఉన్నది. షెల్డన్ స్వయముగా న్యూయార్కులోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సంగ్రహములోని మేలైన సెంట్లను తీసికొని, వాటి స్థానములో నాసి సెంట్లను ఉంచినట్లు తరువాతి కాలములో బయటపడినది. కొలబద్ద ఎంత సూక్ష్మమైనదైనా కొలిచేవాడు మనిషే కదా!

ఇక నాణెము పుట్టుక చూడండి. లోహపు రేకునుండి బిళ్లలను కత్తిరిస్తారు, కాల్చి మెత్తపరుస్తారు, రెండు ఉక్కు అచ్చుల నడుమ పెట్టి యంత్రముతో ఒత్తుతారు. కొట్టిన కొలదీ అచ్చు అరుగుతుంది. అరిగిన అచ్చు కింద పడిన నాణెములో అక్షరముల అంచులు మొద్దుబారుతాయి. తయారైన నాణెములు గంపలోనికి జారి ఒకదానితో ఒకటి ఒరసుకొంటాయి. సంచులకెక్కి ప్రయాణము చేస్తాయి. ఒక్క చేతికైనా అందకముందే వాటి మొగము మీద గాట్లు పడతాయి. సంగ్రాహకుల కొరకు ప్రత్యేకముగా మెరుగుపెట్టిన అచ్చులతో, మెరుగుపెట్టిన బిళ్లల మీద, ఒకటికి రెండుసార్లు ఒత్తి, చేతితో జాగ్రత్తగా తీసే నాణెములకు మాత్రమే ఈ బాధ తక్కువ. నేడు డెబ్బది పొందే నాణెములలో ఎక్కువ భాగము ఇట్టి కొత్తవే.

అయితే డెబ్బది అనగా నిజముగా అర్థమేమిటి? ఎన్‌జీసీ వారి నిర్వచనము ప్రకారము, అయిదు రెట్లు పెద్దదిగా చూపే భూతద్దముతో చూచినప్పుడు, ముద్రణ తరువాత ఏర్పడిన లోపమేదీ కనబడరాదు. ఈ వాక్యములోనే మూడు హద్దులు ఉన్నవి. మొదటిది కంటి హద్దు: అయిదు రెట్ల అద్దములో లేని గీత ఇరువది రెట్ల అద్దములో ఉండవచ్చును. రెండవది పుట్టుక హద్దు: టంకశాలలోనే వచ్చిన స్వల్ప లోపము లెక్కకు రాకపోవచ్చును. మూడవది కాలపు హద్దు: అంకె పరీక్షించిన నాటిది. వెండి నాణెములపై పాలచుక్కల వంటి తెల్లని మచ్చలు బిళ్లలో ముద్రవేసిన తరువాత కూడ తేలటము సంగ్రాహకులకు అనుభవమే. అరువది తొమ్మిది వచ్చిన నాణెమును బిళ్ల పగులగొట్టి మరల పంపగా వేరొక అంకె వచ్చిన సందర్భములూ కలవు. కనుక డెబ్బది అన్నది నాణెములో ఉన్న గుణము కాదు. కొందరు నిపుణులు ఒక అద్దముతో ఒకనాడు ఇచ్చిన తీర్పు. ఆ తీర్పు నిరుపయోగమని కాదు. ఒకరినొకరు ఎరుగని కొనేవానికీ అమ్మేవానికీ నడుమ అది నకిలీ కాదన్న భరోసా ఇస్తుంది. కాని కంటికి కనబడని ఒక్క అంకె తేడాకు ఎన్నో రెట్లు వెల పెట్టేవారు తాము కొంటున్నది లోహమును కాదు, అభిప్రాయమునని తెలిసి కొనవలెను.

పాత నాణెముల సంగతి మరింత ఆలోచింపదగినది. జగిత్యాల జిల్లాలోనే, గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో శాతవాహన వంశకర్త శ్రీముఖుని పేరుగల నాణెములు దొరికినవి. అంతకు పూర్వులైన గోభద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లు మనకు తెలిసినది కూడ అక్కడి నాణెముల వలననే. పరబ్రహ్మశాస్త్రిగారి వంటి పండితులు వాటిని చదివి తెలంగాణ చరిత్రకు కొన్ని తరముల ఆయువు పోసినారు. అందులో గుండ్రముగా లేనివి, ముద్ర ఒక ప్రక్కకు ఒరిగినవి, అక్షరములు సగమే పడినవి ఎన్నో. డెబ్బది కొలబద్ద పెడితే అవి ఎక్కడో అడుగున నిలుస్తాయి. అందుకే ఎన్‌జీసీ వారు కూడ ప్రాచీన నాణెములకు డెబ్బది లెక్క వాడరు. ముద్రకు అయిదు, ఉపరితలమునకు అయిదు అని వేరువేరుగా మార్కులు వేస్తారు. సగము చెరిగిన ఒక పేరు ఒక రాజును తిరిగి తెచ్చినప్పుడు, ఆ చెరుగుట లోపమని ఎవరనగలరు?

మెట్‌పల్లి కుర్రవానికి నేను చెప్పిన మాటలు ఇవి. తోమిన నాణెమునకు ఆ సంస్థలు మామూలు అంకె ఇవ్వవు; శుభ్రపరచినదని వ్రాసి పంపుతాయి. చింతపండు పులుపు నలుపుతోపాటు పై పొరను కూడ తింటుంది. చార్మినారు రూపాయలు విస్తారముగా అచ్చయినవి. సాధారణ సంవత్సరపు రూపాయి ధర వెండి వెలకు ఎంతో దూరము పోదు. పాత నాణెములు కొంటామని ముందుగా రుసుము అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రజలను హెచ్చరించినది. ఇంకొక మాట: పొలములో నాణెములు దొరికితే, వాటి విలువ పది రూపాయలకు మించినప్పుడు, 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము కలెక్టరుకు తెలుపవలెను. కరిగించినా దాచినా పోయేది వెండి ఒక్కటే కాదు.

కుర్రవాని మొగము చిన్నబోయినది. ఫీజుకు వేరొక దారి వెదకక తప్పదు. కాని రుసుము పంపలేదు. చేతిలో ఉన్న డబ్బైనా దక్కినది. పెద్దామె రూపాయిని మెత్తని బట్టలో చుట్టి మరల పెట్టెలో పెట్టినది. అది ఆమెకు అత్తగారు ఇచ్చినదట. ఆ సంగతికి ఏ భూతద్దమూ మార్కులు వేయలేదు. మీ ఇండ్లలోను ఇట్టి రూపాయలు ఉండవచ్చును. అంచులు పట్టుకొని చూడండి, తడి తగులని చోట ఉంచండి. దీపావళి పూజ మానవలసిన పని లేదు. చింతపండు మానితే చాలును.