మెత్తని సీటు మోసం చేస్తుంది
దూరం వెళ్లే మోటారు సైకిలుదారులు గమనించవలసిన సంగతులు

అమలాపురం: కోనసీమలో మోటారు సైకిలు షికారు బండి కాదు. అంబాజీపేటలో కొబ్బరి బేరం చూసుకుని, రావులపాలెం అరటి మార్కెట్టుకు వెళ్లి, ఆసుపత్రి పని మీద రాజమండ్రి పోయి పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలంటే చాలామందికి అదే ఆధారం. అమలాపురం నుంచి రాజమండ్రికి 60 కిలోమీటర్ల పైచిలుకు. రానూపోనూ 120 దాటుతుంది. అంతదూరం కూర్చోవలసిన సీటును మాత్రం బండి కొనేటప్పుడు పట్టించుకునేవారు తక్కువ. మైలేజీ అడుగుతారు, రంగు చూస్తారు, సీటును చేత్తో నొక్కి మెత్తగా ఉందనుకుని డబ్బు కడతారు.

పూర్వం ఈ బాధ ఇంతగా తెలిసేది కాదు. యానాం-ఎదుర్లంక వారధి 2002లో వచ్చేవరకు కాకినాడ వైపు వెళ్లేవారు గోదావరి ఒడ్డున బండి దిగి పంటు కోసం కాచుకోవలసి వచ్చేది. ఆలస్యానికి ఎంత విసుక్కున్నా నడుముకు ఆ కాసేపు విశ్రాంతి దొరికేది. ఇప్పుడు 216వ నంబరు జాతీయ రహదారి మీద ఎక్కడా దిగకుండా పోవచ్చు. చిక్కు అక్కడే వచ్చింది.

కూర్చున్న మనిషి బరువు ఎక్కువగా పిరుదుల కిందనున్న రెండు ఎముకల మీద పడుతుంది. మరీ మెత్తని స్పాంజి మొదట హాయిగానే ఉంటుంది. పోనుపోను బరువుకు అణిగిపోయి, ఎముకలు అడుగునున్న రేకుకు తగిలినంత పనవుతుంది. అక్కడ నెత్తురు సరిగా ఆడక తిమ్మిరి, మంట మొదలవుతాయి. దట్టమైన గట్టి ఫోము తొలుత మొరటుగా తోచినా గంట గడిచాక అదే మేలు. కనుక షాపులో రెండు నిమిషాలు కూర్చుని తేల్చుకోరాదు. అదే రకం బండి ఉన్న బంధువునో స్నేహితుడినో అడిగి, రాజోలు దాకా నడిపి చూడడం ఉత్తమం.

సీటు వెడల్పు ఆ రెండు ఎముకలకూ ఆనేంత ఉండాలి. ముందుకు వాలుగా ఉంటే బ్రేకు వేసిన ప్రతిసారీ మనిషి ట్యాంకు మీదికి జారతాడు. జారకుండా చేతులు బిగబట్టడంతో భుజాలు పడిపోతాయి. సరిగ్గా కూర్చునేచోట కుట్టు ఉన్నా ఒరుసుకుంటుంది.

పొట్టివారు కాళ్లు నేలకు ఆనడం లేదని ఫోము కోయించి సీటు దించుకోవడం మామూలైంది. కాలవ గట్ల మీద, ఇరుకు మలుపుల్లో కాళ్లు ఆనడం అవసరమే, కాదనలేము. అయితే ఎంత కోస్తే అంత మెత్త పోయినట్లే. అంచులు మాత్రం సన్నగా చెక్కి, కూర్చునేచోట మందం ఉంచమని పనివానికి ముందే చెప్పాలి. కంపెనీ సీటును కోయించేకంటే పాత సీటు ఒకటి సంపాదించి దానిమీద ప్రయత్నం చేస్తే నష్టం ఉండదు.

కొబ్బరి పీచుకు రబ్బరు పాలు పట్టించి చేసిన దళసరి పలకలను పరుపులకూ, వాహనాల సీట్లకూ వాడడం ఉన్నదే. అందులో గాలి ఆడుతుంది. పీచుకు కొరతలేని సీమలో ఎండకు కాగే రెగ్జిను మీద ఉడికిపోవడం విడ్డూరమే. వట్టి పీచు కుక్కితే మాత్రం గుంటలు పడతాయి. ముసురు రోజుల్లో చిరిగిన కుట్లలోంచి నీరు దిగితే ఫోము పీల్చుకుంటుంది, ఆరడానికి రోజులు పడుతుంది.

ఇక వెనుక కూర్చునేవారి సంగతి. చీరకట్టుతో ఒకవైపుకు కూర్చునే స్త్రీలకు, వెనుక భాగం ఎత్తుగా, సన్నగా ఉండే ఇప్పటి ఫ్యాషను సీట్లు ప్రమాదకరం. గతుకు వస్తే ఆనుకోవడానికి ఏమీ ఉండదు. వెనుకవారికి చేతిపిడి, పాదం మోపడానికి ఆధారం, బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రానికి అడ్డు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోనే ఉంది. అందం కోసం వాటిని ఊడదీయించి, భార్యాబిడ్డలను ఎక్కించుకుని పెళ్లిళ్లకు బయలుదేరుతున్నవారు ఈ రోడ్ల మీద రోజూ కనిపిస్తున్నారు.