అన్వేషణసాధన నిర్మాణ శిక్షణము – యోగ్యానుపలబ్ధి విచారము

భాట్టమీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధిని ప్రత్యేకప్రమాణముగా అంగీకరించిరి. అయినను కేవలము కనబడకపోవుట అభావమును సాధింపదు. ఉన్నచో తప్పక కనబడదగినది కనబడనపుడే ‘లేదు’ అను జ్ఞానము ప్రమాణమగును. ఇదియే యోగ్యానుపలబ్ధి. చీకటిగదిలో ఘటము కనబడలేదని ఘటాభావమును నిర్ణయింపరాదు గదా. నేడు ప్రాచీనగ్రంథములనేకము కంప్యూటరులయందు చేరినవి. పరిశోధకుడొక పదమును వెదకి, ఫలము శూన్యముగా వచ్చినంతనే ‘ఈ పదము ఈ గ్రంథమున ప్రయుక్తము కాలేదు’ అని నిర్ణయించు ప్రమాదము కలదు. ఆ నిర్ణయము ప్రమాణమగుటకు వెదకిన సాధనమునకు యోగ్యత ఉండవలెను. ఆ యోగ్యత సాధననిర్మాతలు పొందిన శిక్షణముపై ఆధారపడియుండును.

అన్వేషణసాధనమునకు మూలము పదసూచిక. ప్రశ్న అడిగిన ప్రతిసారియు యంత్రము గ్రంథమునంతను చదువదు. ముందుగనే ప్రతిపదమునకు ఎదుట అది ఉన్న స్థానములనన్నింటిని వ్రాసికొని, పదమును అడిగినపుడు ఆ పట్టికను చూచును. 1906లో బ్లూమ్‌ఫీల్డు పండితుడు ప్రకటించిన వైదికమంత్రానుక్రమణిక మానవహస్తముతో జరిగిన ఇట్టి మహాకార్యమే. అందు మంత్రపాదములకు చేసిన పనిని నేడు యంత్రము పదములకు క్షణములలో చేయుచున్నది.

1999లో డగ్ కటింగ్ నిర్మించిన లూసీన్ అను ఉచితసాధనసామగ్రి ఈ పట్టికానిర్మాణమును సులభము చేసినది. సోలర్, ఎలాస్టిక్‌సెర్చ్ అనునవి దానిపై వెలసినవే. వీని సాయమున అనుభవము లేని ప్రోగ్రామరైనను కొలదికాలములోనే ఒక అన్వేషణసాధనమును నిలుపగలడు. అయితే సామగ్రి పట్టికను కూర్చును గాని, పదమనగా ఏదో తనంతట తాను ఎఱుగదు. సాధారణముగా ఖాళీలను, విరామచిహ్నములను చూచి పదములను విడదీయును. ఇంగ్లీషునకు ఇది చాలవఱకు చెల్లును. సంస్కృతాంధ్రములకు చెల్లదు.

ఋక్సంహితకు శాకల్యుడు పదపాఠమును ఏర్పఱచుటకు గల ఆవశ్యకతయే ఇచటను కలదు. ‘నాస్తి’ అను రూపమును విడదీయని సూచికలో ‘అస్తి’ దొరకదు. విభాగమైనను ఏకవిధము కాదు. సవర్ణదీర్ఘమువలన కలిగిన ఆకారమునకు అ+అ, అ+ఆ, ఆ+అ, ఆ+ఆ అని నాలుగు మూలములు సంభవించును. ‘తేనాగతమ్’ అనుచోట ‘తేన ఆగతమ్’ అనియు, ‘తేన అగతమ్’ అనియు విడదీయవచ్చును. మొదటిదానిచే వచ్చుటయు, రెండవదానిచే పోకుండుటయు తెలియును. ప్రకరణము తెలియక ఒకదానిని త్రోసివేయుటకంటె, సూచికయందు ఒకే స్థానమున ‘ఆగతమ్’, ‘అగతమ్’ అను రెంటిని నిలుపుట మేలు. లూసీన్ ఇందుకు అవకాశమిచ్చుచున్నది. సంస్కృతసంధివిభాగమునకు ఫ్రాన్సుదేశమున జెరార్ హ్యూయే, హైదరాబాదు విశ్వవిద్యాలయమున అంబా కులకర్ణి ప్రభృతులు యంత్రసాధనములను రూపొందించిరి. శిక్షణము పొందువారు వీనిని ఎఱిగియుండవలెను.

తెలుగున చిక్కు మఱియొక తీరుది. ‘చూచెను + కొలను’ అనునది ‘చూచెఁ గొలను’ అగును. మధ్య ఖాళీ ఉన్నను పరుషము సరళమైనందున ‘కొలను’ అని వెదకువానికి అది దొరకదు. ప్రత్యయములను తొలగించునపుడును జాగరూకత వలయును. బహువచనమని ‘లు’వర్ణమును గ్రుడ్డిగా కోసివేసినచో ‘కాలు’, ‘వేలు’ వంటి ఏకవచనములు ‘కా’, ‘వే’లుగా మిగులును. లూసీన్‌నందు తెలుగునకు ప్రత్యేకమైన విశ్లేషకము ఉన్నమాట నిజమే. అది ఉన్నదను ధైర్యముతో పరీక్షను మానరాదు.

లిపిసంకేతములయందును ఇట్టి భేదములు కలవు. యూనికోడునందు ఐత్వచిహ్నమును ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వమును, దాని క్రింద చేరు గుర్తును వేఱువేఱుగా రెండు సంకేతములుగను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే. ఏకరూపము చేయని సూచికకు రెండును వేఱు. రేఫకు పరమైన హల్లునకు ద్విత్వము వైకల్పికము గాన, ‘ధర్మ’, ‘ధర్మ్మ’ అను తాళపత్రలేఖనభేదములును ఇట్లే సమన్వయింపదగినవి.

ఈ విషయములు ఉపన్యాసములతో పట్టుబడవు. సూత్రములు కంఠస్థములైనను స్వయముగా రూపసిద్ధి చేయనివానికి వ్యాకరణము స్వాధీనము కాదు. అట్లే శిక్షణార్థి మొదట పది శ్లోకములకు తన చేతితో కాగితముపై పదసూచికను వ్రాయవలెను. ఏ పదమును ఎచట విడదీయుటకు సందేహము కలిగినదో గుర్తింపవలెను. పిదప అదే పాఠమును యంత్రమునకిచ్చి, రెండు సూచికలను ప్రక్కప్రక్కన నిలిపి పోల్చవలెను. తదుపరి ఫలక్రమము. అరుదైన పదమునకు హెచ్చు విలువ నీయవలెనను నియమమును 1972లో కారెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించినది. ‘చ’, ‘ఏవ’ వంటివి పెక్కు శ్లోకములయందు ఉండుటచే ఫలమును నిర్ణయింపజాలవని శిక్షణార్థి తన పట్టికలోనే చూడగలడు.

చివరిది పరీక్ష. 1960ల దశకమున ఇంగ్లండునందలి క్రాన్‌ఫీల్డులో సిరిల్ క్లెవర్డన్ 1400 పత్రములను, వానికి తగిన ప్రశ్నలను కూర్చి, ఏ ప్రశ్నకు ఏ పత్రము తగునో ముందుగా నిర్ణయింపజేసి సూచికలను పరీక్షించెను. ఆ పద్ధతి నేటికిని ఆదర్శముగా నున్నది. అందు కొలువబడు దోషములు రెండు. లక్షణదోషములను విచారించినవారికి రెండును పరిచితములే. ఉన్నది దొరకకుండుట అవ్యాప్తి, కానిది దొరకుట అతివ్యాప్తి. ఒక పదము గ్రంథమున 20 చోట్ల ఉన్నట్లు పండితుడు నిర్ణయించెననుకొందము. సాధనము 15 చోట్లను చూపగా వానిలో 12 మాత్రమే సరియైనవైనచో, అవ్యాప్తి 8 చోట్ల, అతివ్యాప్తి 3 చోట్ల కలిగినదన్నమాట. అతివ్యాప్తి చదువరి కంటికి కనబడును. అతడే దానిని త్రోసివేయగలడు. అవ్యాప్తి కనబడదు. కావుననే అది అధికభయావహము.

ఈ పరీక్షకు వలయు ప్రశ్నలను, సరియైన స్థానములను ప్రోగ్రామర్లు కల్పింపజాలరు. అది ప్రాచ్యకళాశాలల అధ్యాపకులు చేయదగిన పని. అధ్యాపకుడు తాను పాఠము చెప్పు ఒక్క గ్రంథమునుండి 50 పదములను ఎన్నుకొని, వాని ప్రయోగస్థానములను, సంధిలో మఱుగుపడినవానితో సహా, నిర్ణయించి యిచ్చినచో శిక్షణమునకు గట్టి పునాది ఏర్పడును. వ్యాకరణవిద్యార్థులను ప్రోగ్రామర్ల సరసన కూర్చుండబెట్టుటయు ఉభయులకు ప్రయోజనకరము.

అట్టి పరీక్షకు నిలిచినంతవఱకే సాధనము చూపు శూన్యఫలమునకు యోగ్యానుపలబ్ధి అను పేరు తగును. అందాక, యంత్రాన్వేషణమును ఆధారముగా గొని ‘ఈ ప్రయోగము లేదు’ అని వ్రాయు పరిశోధకుడు, తాను వాడిన సాధనము పదములను ఎట్లు విభజించునో, ఏయే రూపములతో వెదకెనో వ్యాసముననే తెలుపుట న్యాయము.