ఫ్లాబర్‌గాస్టెడ్ అంటే నోట మాట రాకపోవడమేనా?

ఫస్టియర్‌లో మా రూమ్మేట్ వాళ్ల నాన్నగారు హఠాత్తుగా పోయారు. వాడు రాత్రికి రాత్రే ఊరికి బయల్దేరాడు. పొద్దున్న వాట్సాప్‌లో ఏం రాయాలో తెలియలేదు. ‘షాక్డ్’ మరీ అరిగిపోయిన మాటలా అనిపించి, ‘ఐ యామ్ ఫ్లాబర్‌గాస్టెడ్ టు హియర్ దిస్’ అని పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. అలాంటప్పుడు ఎవరు మాత్రం జవాబిస్తారు అనుకున్నా. తిరిగొచ్చాక కొన్నాళ్లకి వాడే చెప్పాడు: “నీ మెసేజ్ చూసి మా అక్క, ‘వీడేంట్రా, ఎగతాళి చేస్తున్నాడా?’ అంది.” వాళ్లక్క ఎమ్మే ఇంగ్లిష్.

నాకు అర్థం తెలియక కాదు. డిక్షనరీలో ఉన్నదే తీసుకున్నాను: మాట్లాడలేనంతగా ఆశ్చర్యపోయిన. దాన్ని నా బుర్ర ‘నోట మాట రాలేదు’ అని తెలుగు చేసుకుంది. తెలుగులో ఆ మాట చావు కబురుకి కూడా సరిపోతుంది. ఇంగ్లిష్ మాటకి ఆ బరువు లేదు. అది కబుర్లలో వాడే మాట, పలికితేనే కాస్త నవ్వొచ్చే మాట. 1772లో ‘ఆన్యువల్ రిజిస్టర్’ అనే పత్రికలో కొత్త ఫ్యాషన్ మాటల గురించి రాస్తూ దీన్ని ప్రస్తావించారు. పక్కనే ఉన్న ఇంకో కొత్త మాట ‘బోర్డ్’, అంటే మనం క్లాసులో రోజూ అయ్యేది! ఎలా పుట్టిందో మాత్రం తేలలేదు. ‘ఫ్లాబీ’, ‘అగాస్ట్’ కలిశాయేమోనని ఒక ఊహ.

మరి ఎక్కడ వాడాలి? చదవని సబ్జెక్టులో తొంభై మార్కులొస్తే వాడొచ్చు. క్యాంటీన్ బిల్లు చూసి వాడొచ్చు. మన ‘నోరెళ్లబెట్టాను’ ఎక్కడ నప్పుతుందో ఇదీ సుమారుగా అక్కడే నప్పుతుంది. ముందు ‘వెరీ’ పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎందుకంటే ‘చాలా’ అనేది అందులోనే ఉంది. ‘ఆబ్సల్యూట్లీ’ అతుకుతుంది. ఆశ్చర్యపోయిన మనిషికి చివర ‘ఎడ్’, ఆశ్చర్యపరిచిన విషయానికి ‘ఇంగ్’. ‘ఐ యామ్ సర్‌ప్రైజింగ్’ అనేవాళ్లు మా సెక్షన్‌లో ఇంకా ఉన్నారు, పేర్లు చెప్పను.

తెలుగులో ఈ పని ఎక్కువగా క్రియలు చేస్తాయి. విస్తుపోవడం, బిత్తరపోవడం, నిర్ఘాంతపోవడం, కంగుతినడం. దెబ్బ తగిలినట్టుంటేనే కంగుతింటాం, మంచి వార్త విని ఎవరూ కంగుతినరు. ‘అవాక్కయ్యాను’లో అయితే వాక్కు లేకపోవడం ఆ మాటలోనే కనిపిస్తుంది. పన్నెండేళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు ఇవన్నీ వింటే తెలుస్తాయి గానీ, అవసరానికి ఒక్కటీ నోటికి రావు. ఆ పొద్దున్నా అదే జరిగింది.

“ఇప్పుడైతే ఏం రాసేవాడివి?” అనడిగాడు రూమ్మేట్. చెప్పాను. “అయితే అదే పంపు” అన్నాడు.

పక్క మంచం మీదే కూర్చుని తెలుగు కీబోర్డ్ వెతుక్కుని టైప్ చేశాను: “వినగానే నోట మాట రాలేదురా.” ఆ ఒక్క లైనుకి నాకు ఐదు నిమిషాలు పట్టింది. వాడు ఫోన్ చూసుకుని, ఏమీ అనకుండా, లైట్ ఆపేశాడు.