మొలిపించాలా, చెక్కాలా? - నానోతీగల ట్రాన్సిస్టరు కథ

కొత్త ఫోను ప్రకటన ఏది చూసినా "మూడు నానోమీటర్ల చిప్పు", "రెండు నానోమీటర్ల చిప్పు" అని ఉంటుంది. మనలో ఎక్కువమంది సాఫ్ట్‌వేరు వాళ్ళమే కాబట్టి ఆ చిప్పు లోపల ఏం జరుగుతోందో అంతగా పట్టించుకోం. కోడు కంపైలయితే చాలు! కానీ 2022 నుంచి ఆ చిప్పు లోపల ట్రాన్సిస్టరు ఆకారమే మారిపోతోంది. ఆ మార్పు వెనక దాదాపు అరవై ఏళ్ళ కథ ఉంది. అందులో మన కృష్ణా జిల్లా ఆయన ఒకరు కూడా ఉన్నారు.

ముందుగా ఒక చిన్న మాట. ఆ మూడు, ఆ రెండు కొలతలు కావు, పేర్లు మాత్రమే. మూడు నానోమీటర్ల చిప్పులో పక్కపక్కనున్న రెండు గేట్ల మధ్య దూరమే 40-50 నానోమీటర్లు ఉంటుంది. చెరువు లేకపోయినా అపార్టుమెంటుకి "లేక్ వ్యూ" అని పేరు పెట్టుకున్నట్టే ఇదీను.

ట్రాన్సిస్టరంటే కరెంటుకి కుళాయి. ఒక వైపు నుంచి ఎలక్ట్రాన్లు వస్తాయి, మధ్యలో సిలికాన్ దారి ఉంటుంది, రెండో వైపు నుంచి బయటికి పోతాయి. మధ్య దారి పైన కూర్చున్న గేటుకి వోల్టేజి ఇస్తే కుళాయి తెరుచుకుంటుంది, తీసేస్తే మూసుకుంటుంది. దారి పొడుగ్గా ఉన్నన్నాళ్ళు ఏ పేచీ లేదు. పొట్టిదయ్యేకొద్దీ గేటు మాట చెల్లదు. అవతలి కొస వోల్టేజి ప్రభావం దారి మధ్యదాకా వచ్చేస్తుంది, కుళాయి కట్టేసినా బొట్టు బొట్టుగా కారుతూనే ఉంటుంది. ఒక్క కుళాయి కారితే ఎవరికీ నష్టం లేదు. యాపిల్ ఎం4 చిప్పులో 2,800 కోట్ల ట్రాన్సిస్టర్లున్నాయి. అన్నీ కారితే ఏమవుతుంది? జేబులో ఊరికే ఉన్న ఫోను వేడెక్కుతుంది, బ్యాటరీ సాయంత్రానికే అయిపోతుంది. డేటా సెంటరులోనైతే కరెంటు బిల్లు.

పెరట్లో మొక్కలకి నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టాన్ని గుర్తు తెచ్చుకోండి. నేల మీద పడున్న గొట్టాన్ని పైనుంచి బొటనవేలితో నొక్కితే నీళ్ళు పూర్తిగా ఆగవు. పాత ట్రాన్సిస్టరు అలాంటిది, గేటు పైనుంచి మాత్రమే నొక్కేది. ఇంటెల్ 2011లో ప్రకటించి 2012లో మార్కెట్లోకి తెచ్చిన ఫిన్‌ఫెట్‌లో సిలికాన్‌ని చేప రెక్కలా నిలబెట్టి, మూడు వైపుల నుంచి గేటు పట్టుకుంది. కారడం బాగా తగ్గింది, పదేళ్ళు గడిచాయి. ఆ పైన ఇంకా చిన్నది చెయ్యాలంటే గొట్టాన్ని గుప్పిట్లో పట్టి అన్ని వైపుల నుంచీ పిసకాలి. అంటే సిలికాన్ దారి సన్నని తీగలా ఉండాలి, గేటు దాని చుట్టూ ఉంగరంలా ఉండాలి. మన వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. ఈ తీగ మందం పది నానోమీటర్లో, అంతకన్నా తక్కువో.

మరి అంత సన్నటి తీగని తయారుచెయ్యడం ఎలా? దీనికి రెండు దారులు: మొలిపించడం, చెక్కడం.

మొలిపించే దారి పాతది. 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో వాగ్నర్, ఎల్లిస్ అనే ఇద్దరు దాన్ని బయటపెట్టారు. సిలికాన్ పలక మీద చిన్న బంగారు రవ్వ పెట్టి వేడి చేస్తారు. బంగారం కరగాలంటే 1,064 డిగ్రీల సెల్సియస్ కావాలి, సిలికాన్‌కి 1,414 కావాలి. రెండూ సరైన పాళ్ళలో కలిస్తే మాత్రం 363 డిగ్రీలకే కరుగుతాయి. (కుల్ఫీ బండివాడు ఐసులో ఉప్పు వేసేది కూడా ఇలాంటి కిటుకుతోనే, కలిస్తే కరిగే వేడి తగ్గుతుంది.) ఇప్పుడు ఆ కరిగిన బొట్టు మీదికి సిలేన్ అనే వాయువు పంపుతారు. అందులోని సిలికాన్‌ని బొట్టు పీల్చుకుంటుంది, పీల్చుకుని పీల్చుకుని ఇక ఇముడ్చుకోలేక అడుగున స్ఫటికంగా వదిలేస్తుంది. పాకం ముదిరితే కలకండ కట్టినట్టు. ఒక పొర, దాని పైన ఇంకో పొర, అలా తీగ పెరుగుతూ ఉంటే బొట్టు దాని నెత్తిన టోపీలా పైకి లేస్తుంది. బొట్టు ఎంత చిన్నదైతే తీగ అంత సన్నం. వాళ్ళు పెంచినవి లావుపాటివే. నిజంగా నానోమీటర్లలో కొలిచే తీగలని 1998లో హార్వర్డ్‌లో చార్లెస్ లీబర్ బృందం చూపించింది. ఆ తర్వాత పదేళ్ళూ యూనివర్సిటీల్లో ఈ తీగల జాతరే. ఏ జర్నలు తిరగేసినా గడ్డి మైదానంలా నిలబడిన తీగల ఫోటోలు.

మాస్టర్స్ చదివేటప్పుడు ఆ ఫోటోలు నేనూ నోరు తెరుచుకుని చూసినవాణ్ణే. అయితే గడ్డి వేరు, వరినాటు వేరు. గడ్డి ఎక్కడ మొలిచినా గడ్డే, నాటులో ప్రతి మొక్కా దాని వరసలో ఉండాలి. చిప్పు కూడా అంతే, ప్రతి తీగకీ ఒక అడ్రసు కావాలి. పది వేల తీగల్లో 9,999 సరిగ్గా తమ చోట కూర్చున్నాయనుకుందాం. పరీక్షలోనైతే ఇన్ని మార్కులొచ్చినవాణ్ణి ఊరేగిస్తాం. 2,800 కోట్ల ట్రాన్సిస్టర్లలో మాత్రం 28 లక్షలు తప్పినట్టు లెక్క! దీనికి తోడు ఆ బంగారం. మన ఆడపడుచులకి ఎంత ఇష్టమైనా సిలికాన్‌కి పడదు. సిలికాన్‌లోకి చొరబడి ఎలక్ట్రాన్లని పట్టేసుకుంటుంది. అందుకే చిప్పుల ఫ్యాక్టరీల్లో ట్రాన్సిస్టర్లు కట్టే చోటికి బంగారాన్ని రానివ్వరు. నా ఉద్దేశంలో మొలిపించే పద్ధతి కంప్యూటరు చిప్పుల్లోకి రాలేకపోవడానికి అసలు కారణం బంగారం కూడా కాదు, అడ్రసే. బంగారం బదులు ఇంకోటి వెతకొచ్చు. అడ్రసు సమస్య అలా తీరేది కాదు.

అందుకని కంపెనీలు రెండో దారి పట్టాయి. ఇది చూస్తే నాకు ఆత్రేయపురం పూతరేకులు గుర్తొస్తాయి. పలక మీద ఒక పొర సిలికాన్-జెర్మేనియం మిశ్రమం, ఒక పొర సిలికాన్, మళ్ళీ మిశ్రమం, మళ్ళీ సిలికాన్, ఇలా పొర మీద పొర పెంచుతారు. ఒక్కో పొర కొన్ని నానోమీటర్లే. మిశ్రమంలో జెర్మేనియం పాతిక, ముప్పై శాతం ఉంటుంది. తర్వాత ఈ దొంతరని నిలువుగా సన్నని కడ్డీలుగా కోస్తారు. ఎక్కడ కొయ్యాలో కాంతితో గీసిన మ్యాపు చెబుతుంది, కాబట్టి అడ్రసు సమస్య మొదట్లోనే తీరిపోయింది. ఉత్తుత్తి గేటొకటి కట్టి, రెండు కొసల్లో రాకపోకల ద్వారాలు పెంచి, ఆ ఉత్తుత్తి గేటుని తీసేస్తారు. ఇక అసలు ఘట్టం. పూతరేకు చిరగకుండా మధ్యలో ఉన్న బెల్లం పొడి మాత్రం తీసెయ్యమంటే ఎలా ఉంటుంది? అదే చేస్తారిక్కడ. మిశ్రమాన్ని తినేసి సిలికాన్‌ని దాదాపు ముట్టుకోని రసాయనాలు వాడతారు. మిశ్రమం పోయాక రెండు కొసలూ పట్టుకుని సిలికాన్ రేకులు గాలిలో వేలాడుతూ మిగులుతాయి. వాటి చుట్టూ, కింద, సందుల్లో కూడా, హాఫ్నియం ఆక్సైడుని ఇంచుమించు ఒక్కో పరమాణువు పొర చొప్పున పూస్తారు, ఆ పైన గేటు లోహం నింపుతారు.

తీగ అని మొదలుపెట్టి రేకు అంటున్నానేమిటని అడగొచ్చు. గుండ్రటి తీగ కరెంటుని బాగా ఆపుతుంది గాని ఎక్కువ మొయ్యలేదు. అందుకని దాన్ని వెడల్పుగా సాగదీసి, మూడో నాలుగో ఒకదానిపై ఒకటి పేర్చారు. శాంసంగ్ 2022 జూన్‌లో ఇలాంటి చిప్పుల ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇంటెల్, తైవాన్ వాళ్ళ టీఎస్ఎంసీ 2025లో ఆ దారికొచ్చాయి. పుట్టుక తీగే, పెళ్ళినాటికి రేకయింది.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ల సంఖ్య సర్దడానికి ఫాస్ఫరస్, బోరాన్ లాంటివి చిటికెడు కలుపుతారు. అయాన్లని అయస్కాంతంతో వడగట్టి పలకలోకి గురిచూసి కొట్టే యంత్రాలు ఆ పని చేస్తాయి. మేముండే శాండ్రింగ్‌హామ్‌కి కారులో కొద్ది దూరమే అయిన మౌంట్ వెల్లింగ్టన్‌లో బక్లీ సిస్టమ్స్ అనే కంపెనీ దశాబ్దాల పాటు ఆ యంత్రాలకి విద్యుదయస్కాంతాలు చేసి ప్రపంచానికి పంపింది. ఆక్లండ్‌లో పాలు, గొర్రెల గురించి తప్ప మాట్లాడరనుకునేవాళ్ళకి ఈ మాట చెబుతుంటాను. కానీ తీగ దగ్గరికొచ్చేసరికి ఈ చిటికెడు లెక్కే కుదరదు. పది నానోమీటర్ల మందం, ఇరవై పొడవున్న తీగలో ఉండేవి సుమారు 78 వేల సిలికాన్ పరమాణువులు. ఘన సెంటీమీటరుకి పది వేల కోట్ల కోట్ల చొప్పున, అంటే 1 పక్కన 18 సున్నాలు చొప్పున ఫాస్ఫరస్ కలిపినా ఆ తీగ వాటాకి వచ్చేది ఒకటో రెండో. ఒక తీగకి ఒకటి, పక్కదానికి మూడు, ఇంకోదానికి సున్నా వస్తే ఆ మూడు ట్రాన్సిస్టర్లూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. అందుకే కొత్త చిప్పుల్లో దారిని శుద్ధంగా వదిలేసి, ఎప్పుడు తెరుచుకోవాలో గేటు లోహం ఎంపికతోనే నిర్ణయిస్తున్నారు.

మరి మొలిపించే పద్ధతి వృథా అయిందా? కాలేదు. సిలికాన్ లెక్కల్లో మేటి గాని వెలుగు ఇవ్వడంలో మొద్దు. లేజరు కావాలంటే గాలియం ఆర్సెనైడ్ లాంటివి కావాలి. వాటి పరమాణువుల ఎడం సిలికాన్ కన్నా నాలుగు శాతం ఎక్కువ, పలకంతా పరిస్తే పగుళ్ళూ లోపాలూ వస్తాయి. సన్నని తీగయితే పక్కలకి కాస్త ఒళ్ళు విరుచుకునే వీలుంది కాబట్టి లోపం లేకుండా నిలబడగలదు. ఇక్కడ లేజరొక్కటి వెలిగినా చాలు, 2,800 కోట్ల అడ్రసులు అక్కర్లేదు.

మొదట్లో చెప్పిన కృష్ణా జిల్లా ఆయన కృషి ఈ వైపునే. చెన్నుపాటి జగదీష్‌గారిది వల్లూరుపాలెం. కిరోసిన్ దీపం ముందు చదువుకుని, నాగార్జున, ఆంధ్ర, ఢిల్లీ యూనివర్సిటీలు దాటి, కెనడా మీదుగా 1990లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చేరారు. గాలియం ఆర్సెనైడ్ తీగ పెరిగేటప్పుడు మధ్యలో పొరలు తిరగబడి కవల స్ఫటికాలుగా మారడం పెద్ద బెడద. 2007లో ఆయన బృందం చూపిన ఉపాయం మన వంటింటిదే అనిపిస్తుంది. ముందు కాసేపు పెద్ద సెగ మీద మొలకెత్తించి, తర్వాత సెగ తగ్గించి నిదానంగా పెంచడం. 2013లో అదే బృందం గది వేడిమి దగ్గరే పనిచేసే గాలియం ఆర్సెనైడ్ నానోతీగ లేజరుని చూపించింది, అదీ బయటి కాంతితో నడిచేది. కరెంటుతో నేరుగా వెలిగించడం అంతకన్నా కష్టమైన పని. 2017లో ఆ యూనివర్సిటీలోనే నానోతీగల పందిరి మీద మెదడు కణాలని పెంచి, అవి ఒకదానితో ఒకటి కలిసి పనిచెయ్యడం గమనించారు.

జగదీష్‌గారు 2022లో ఆస్ట్రేలియన్ అకాడమీ ఆఫ్ సైన్స్ అధ్యక్షులయ్యారు, 2023లో ప్రవాసీ భారతీయ సమ్మాన్ అందుకున్నారు. ఆయన, భార్య విద్యగారు కలిసి తమ పేర్న ఒక నిధి ఏర్పాటు చేశారు. వర్ధమాన దేశాల విద్యార్థులు, పరిశోధకులు ఆ యూనివర్సిటీకి వచ్చి కొంతకాలం పనిచేసుకోడానికి అది సాయపడుతుంది. మీ ఇంట్లోనో, ఊళ్ళోనో ఫిజిక్సు చదివే పిల్లలుంటే ఈ సంగతి వాళ్ళ చెవిన వెయ్యండి.