చుక్క మారితే లెక్క మారుతుంది

నెలాఖరు వచ్చిందంటే మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో పనిచేసే అమ్మాయిలు ఎందరికో చేతినిండా రిపోర్టులే. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ప్రపంచం లెక్కలెన్నో మన ఊరికి వలస వచ్చాయి మరి! అమ్మకాలెంత, ఖర్చెంత, రావలసిన బాకీలెంత అన్నది అమెరికా నుంచో జర్మనీ నుంచో వచ్చిన ఫైళ్లలోంచి తీసి, పట్టికలుగా పేర్చి పైవాళ్లకు పంపాలి. ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి మొత్తం తేడా కొడుతుంది. వెంటనే "చూసుకుని చేయొద్దా అమ్మా?" అనే మాట వినిపిస్తుంది. కొత్తగా చేరిన పిల్లయితే ఆ మాటకే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. పిల్లల కోసం నాలుగేళ్లు ఇంటిపట్టున ఉండి మళ్లీ ఉద్యోగంలో చేరిన ఆవిడయితే 'నా బుర్రే మొద్దుబారిందేమో' అని తనను తానే అనుమానించుకుంటుంది.

బుర్రను అనుమానించే ముందు చూడవలసింది ఇంకొకటుంది. కంప్యూటరు తాను ఏ దేశంలో ఉన్నాననుకుంటోంది?

ఊరికో కామా

పన్నెండు లక్షల ముప్ఫై నాలుగు వేల అయిదు వందల అరవై ఏడును మనం 12,34,567 అని రాస్తాం. చివరి మూడంకెలకు ముందు ఒక కామా, ఆపైన రెండేసి అంకెలకు ఒకటి. లక్షలు, కోట్లు అని లెక్కపెట్టే అలవాటు కనుక మన కంటికి అదే ఇంపు. అమెరికా వాళ్లు అదే సంఖ్యను 1,234,567 అని మూడేసి అంకెలుగా విడగొడతారు. వాళ్ల మిలియన్ మన పది లక్షలు, బిలియన్ మన వంద కోట్లు. ఇంతవరకూ ఇబ్బంది కంటికే గానీ లెక్కకు కాదు.

అసలు చిక్కు జర్మనీ లెక్కలతో. వాళ్లు వేలను విడగొట్టడానికి చుక్క, దశాంశానికి కామా వాడతారు. మనం 1,250.50 అని రాసేది అక్కడ 1.250,50 అవుతుంది. అక్కడి ఫైలులో 1.250 అని ఉంటే అది పన్నెండు వందల యాభై. మన పద్ధతిలో ఉన్న కంప్యూటరు దాన్ని ఒకటింపావు అని చదువుకుంటుంది. అంటే వెయ్యో వంతు! దానికి అది తప్పుగానే తోచదు కనుక ఏ హెచ్చరికా చేయదు.

తేదీల దొంగాట

అంకెల కన్నా తేదీలు మరీ గడుసువి. 03/04/2025 అంటే మనకు ఏప్రిల్ మూడు, అమెరికా వాళ్లకు మార్చి నాలుగు. అక్కడి పద్ధతిలో ఉన్న కంప్యూటరులో మన ఫైలు తెరిస్తే, పన్నెండో తేదీ వరకూ నోరెత్తకుండా రోజునూ నెలనూ తారుమారు చేస్తుంది. 13/04 దగ్గరకొచ్చేసరికి పదమూడో నెల లేదు కనుక దాన్ని తేదీగా ఒప్పుకోక ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది.

మా అపార్ట్‌మెంటులో ఉండే ఒకమ్మాయి ఇలాంటి పట్టికతోనే రెండు రాత్రులు కుస్తీ పట్టింది. ఏప్రిల్ మొదటి పన్నెండు రోజుల వసూళ్లు జనవరి నుంచి డిసెంబరు దాకా నెలకొకటిగా చెల్లాచెదురయ్యాయి. మిగతా రోజులవి ఏ నెల లెక్కలోకీ రాలేదు. ఫార్ములాలన్నీ తిరగరాసింది. ఆఖరికి చూస్తే ఆఫీసువాళ్లు ఇచ్చిన కొత్త లాప్‌టాప్ అమెరికా పద్ధతిలో ఉంది! ఆ సంగతి ఆమెకు ముందుగా చెప్పినవాళ్లు లేరు.

ఇది అనుభవం లేనివాళ్ల కష్టమే అనుకోకండి. కొన్ని జన్యువుల పొట్టి పేర్లు మార్చి, సెప్టెంబరు నెలల పేర్లలా ఉండటంతో ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేస్తుండేది. ఆ బాధ పడలేక, మానవ జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ ఆ పేర్లనే మార్చేసుకున్నట్టు 2020లో ప్రకటించింది. శాస్త్రవేత్తలకే తప్పలేదన్నమాట!

పట్టుకునేదెలా?

* ఎక్సెల్‌లో మనం సర్దకపోతే అంకెలు, తేదీలు గడిలో కుడివైపు నిలుస్తాయి, అక్షరాలు ఎడమవైపు. అంకె ఎడమకు ఒదిగిందంటే అనుమానించండి. అక్షరాలైపోయిన అంకెలను మొత్తం కట్టే 'సమ్' పట్టించుకోదు.

* విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో 'రీజియన్' తెరవండి. 'ఇంగ్లీష్ (ఇండియా)' పెడితే మన లక్షల కామాలు, ముందు రోజు తరువాత నెల వచ్చే తేదీలు వస్తాయి. అక్కడే 'అడిషనల్ సెట్టింగ్స్'లో చుక్క, కామాల సంగతి ఉంటుంది.

* అవి సరిగా ఉన్నా తేడా వస్తుంటే, ఎక్సెల్ ఆప్షన్స్‌లో 'అడ్వాన్స్‌డ్' కింద 'యూజ్ సిస్టమ్ సెపరేటర్స్' దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. లేకపోతే చుక్క, కామాల విషయంలో ఎక్సెల్ దారి ఎక్సెల్‌దే.

* ఫైలు ఏ దేశం పద్ధతిలో ఉందో ముందే అడగండి. పవర్ బీఐలోనూ, ఎక్సెల్ పవర్ క్వెరీలోనూ డేటా రకం మార్చేటప్పుడు 'యూజింగ్ లొకేల్' ఎంచుకుని ఆ దేశం చెప్పవచ్చు. తారుమారయ్యాక సర్దడం కష్టం కనుక మొదట వచ్చిన ఫైలును ముట్టుకోకుండా దాచుకోండి.

* మీరు పంపే తేదీలను 2025-04-03 అని సంవత్సరం ముందు పెట్టి రాయండి. ఇది అంతర్జాతీయ పద్ధతి, తికమకకు తావుండదు. పట్టిక పైన 'లక్షల రూపాయల్లో' అనో 'మిలియన్ డాలర్లలో' అనో రాయడం మరవకండి.

కనిపించేది వేరు, ఉన్నది వేరు

టైలరు టేపుకు ఒకవైపు అంగుళాలు, రెండోవైపు సెంటీమీటర్లు ఉంటాయి. ఏ వైపు చూసినా రవిక కొలత మారదు. కంప్యూటరులో ఫార్మాట్ అన్నదీ అలాంటిదే. పైసలు కనపడకుండా దాచినంత మాత్రాన అవి పోవు. 10.40, 10.40 ఉన్న గడుల్లో 10, 10 అని కనబడుతుంది. మొత్తం మాత్రం 20.80 కనుక 21 అని చూపిస్తుంది. "పదీ పదీ ఇరవై ఒకటా?" అని ఎవరైనా నవ్వితే కంగారు పడకండి. పైసలు చూపించండి చాలు, లెక్క తేలిపోతుంది. కానీ చుక్కను కామాగా, రోజును నెలగా పొరబడితే మాత్రం విలువే మారిపోతుంది. ఈ రెండింటి తేడా తెలిస్తే సగం భయం పోతుంది.

ఆఫీసుల్లో పెద్దవాళ్లకూ ఒక మనవి. కొత్తగా చేరిన అమ్మాయికి ఐడీ కార్డు, లాప్‌టాప్ ఇచ్చిన రోజే మీ ఫైళ్లు ఏ దేశం పద్ధతిలో వస్తాయో రెండు ముక్కలు చెప్పండి. అయిదు నిమిషాల పని. దానితో ఆమెకు రెండు రాత్రుల నిద్ర మిగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, తన మీద తనకున్న నమ్మకం మిగులుతుంది.